ఒకటా, రెండా

నారప్పయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన మొదట వాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆయన మఠమన్నది పేరుకే మఠం. నల్లమల అంచున గుండ్లమెట్ట అనే పల్లెలో ఒక రేకుల వసారా, వెనక కొంచెం చేను, అంతే. తత్త్వం తెలుసుకుందామని దూరాభారం వచ్చినవాళ్ళు ఆ వసారాలో కూర్చుని విత్తనాలకు వేరుశనగ బుడ్డలు ఒలిచి, జవాబు వచ్చిందో రాలేదో తేల్చుకోలేక తిరిగి వెళ్ళేవారు. కొందరికి కోపం వచ్చి మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. వాళ్ళ కోసం ఆయన బెంగ పెట్టుకున్నట్టు నేనెప్పుడూ వినలేదు.

ఏరువాక దగ్గరపడిన రోజుల్లో మద్దిలేటి అనే శిష్యుడు సెలవు పెట్టి నగరం నుంచి వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు, తన తెలివి మీద తనకు కొంచెం మక్కువ ఉన్నవాడు. ప్రభుత్వ పథకాల మీద జనం ఏమనుకుంటున్నారో ఫోన్లు చేసి కనుక్కునే సంస్థలో అతనికి ఉద్యోగం. ఫోన్ ఎత్తగానే తీయగా పలికే ఆ ఆడగొంతు మనందరికీ తెలిసిందే. ఆ గొంతు చదివే మాటలు రాసేది ఇతనే. నమస్కారం పెట్టి, కుశలప్రశ్నలయ్యాక, మనసులో నలుగుతున్నది బయట పెట్టాడు.

"అయ్యా, ఏమీ తెలియని మనిషిని రాజ్యం సంగతుల మీద అభిప్రాయం అడగడం దేనికి? ఇష్టమైతే ఒకటి, కాకపోతే రెండు, ఇంత తేలిక చేసి అడుగుతున్నాం. అయినా సగం మంది ఏదీ నొక్కరు. ఒక్క వేలు కదపలేనివాడికి అసలు అభిప్రాయం ఉన్నట్టా, లేనట్టా?"

నారప్పయ్యవారు బుడ్డలున్న చేటను అతని ముందుకు జరిపారు.

వసారాలో అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు ఒలుస్తున్నారు. ఒకామె ఓబుళమ్మ, ఆ ఊరి రైతు. రెండో అమ్మాయి రూతు, ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. అయ్యవారికి రక్తపోటు చూడడానికి వచ్చి, ఖాళీగా కూర్చోవడం ఇష్టం లేక తనూ ఒక దోసెడు ముందేసుకుంది. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోవడం చూసి మద్దిలేటి ఏమీ అనుకోలేదు. ఊరివాళ్ళకైతే అది అంత మామూలు విషయం కాదు.

కిందటేడు విత్తనం వేసే రోజుల్లోనే ఓబుళమ్మ భర్త పుల్లన్నను చేలో పాము కరిచింది. మోసుకొచ్చేసరికి ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లో విషానికి విరుగుడు సూది లేదు. అది కావాలని రూతు పైవాళ్ళను అడగని నెల లేదు. వస్తుందనేవారు, రాలేదు. ఆ రోజు ఆమె చేయగలిగిందంతా చేసి, పుల్లన్నను ఆటోలో ఎక్కించుకుని, అతని తల తన తొడ మీద పెట్టుకుని పట్నానికి బయలుదేరింది. పట్నం పొలిమేర రాకముందే అతని ప్రాణం పోయింది. ఏడాది తిరిగొచ్చినా ఆ ఫ్రిజ్ ఖాళీగానే ఉంది. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉండే సంగతి ఇది, సిగ్గుపడాల్సినవాళ్ళు మాత్రం చాలా దూరాన ఉన్నారు.

ఇంతలో పుల్లన్న తమ్ముడు సుంకన్న వగరుస్తూ వచ్చాడు. పొద్దుటి నుంచి ఊళ్ళో ఒక్కొక్క ఇంటికే ఆ ఫోన్ వస్తోందనీ, ఆరోగ్య కేంద్రం గురించి అడుగుతున్నారనీ చెప్పాడు. వదినకు రాకముందే చేరుకోవాలని పరుగెత్తి వచ్చినట్టున్నాడు. అతని వెనకే ఓబుళమ్మ ఒళ్ళోని చిన్న ఫోన్ మోగింది. ఆమెకు చెవి కొంచెం మందం గనక ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే పెట్టుకుంటుంది, ఎత్తగానే మాట వసారా అంతటికీ వినబడింది.

"నమస్కారం. మీ ఆరోగ్యమే మా ఆనందం. మీ ఊరి ఆరోగ్య కేంద్రం సేవలతో మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి. సంతృప్తి చెందకపోతే రెండు నొక్కండి."

మద్దిలేటి ఒలవడం ఆపాడు. ఆ మాటలు అతనివే. మీ ఆరోగ్యమే మా ఆనందం అన్న ముక్కకు ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు కూడా.

"రెండు నొక్కు వదినా," అన్నాడు సుంకన్న. "మా యన్న ఊరికే పోయినాడా?"

రూతు తలెత్తలేదు. రెండు నొక్కిన ఇళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో పైవాళ్ళు ఆమెకు ముందే చెప్పి ఉంచారు. సూది పంపనివాడికి ఏమీ కాదు. కాంట్రాక్టు మీద ఉన్న నర్సును తీసేస్తారు. ఆమెకు ముందు గుండ్లమెట్టలో కాపురముండి పనిచేసిన నర్సు ఒక్కరూ లేరు. ఇది ఓబుళమ్మకూ తెలుసు. ఒకటి నొక్కమని రూతు అడిగి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ పిల్ల అడగలేదు. ఇంకో బుడ్డ తీసుకుని ఒలిచింది. ఓబుళమ్మ బొటనవేలు మీటల మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

ఆడగొంతు మళ్ళీ మొదటి నుంచీ చదివింది. సుంకన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొక్కుతావా లేదా అంటూ ఫోన్ లాక్కోవడానికి చెయ్యి చాచాడు. నారప్పయ్యవారు అతన్ని పేరు పెట్టి పిలిచారు, అంతే. అతను చెయ్యి వెనక్కు తీసుకున్నాడు గానీ కూర్చోలేదు.

ఓబుళమ్మ ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"అమ్మా, ఒకటి నొక్కితే ఆ ఫ్రిజ్జి కాలీగానే ఉంటాది. రెండు నొక్కితే ఈ పాపను తీసేస్తారంట. పాప మంచిది. మందు లేదు. ఈ మాటకు ఏ నంబరు నొక్కల్ల?"

"మీరు ఏ అంకెనూ నొక్కలేదు," అంది గొంతు, అదే తీపితో. "దయచేసి ఒకటి లేదా రెండు నొక్కండి."

"నువ్వు మిషన్‌వని నాకు తెల్సులేమ్మా. నీకు ఈ మాటలు నేర్పినోళ్ళు ఉంటారు గదా యాడనో. వాళ్ళకు జెప్తాండా."

ఇప్పుడేం జరుగుతుందో ఆ వసారాలో మద్దిలేటి ఒక్కడికే తెలుసు. మూడోసారి అడగడమంటూ లేదు. ఆ గొంతు ధన్యవాదాలు చెప్పేసింది, చిన్న చప్పుడుతో లైన్ తెగిపోయింది. చెవి మందం మనిషి, పైగా మాటల్లో ఉంది, ఆ చప్పుడు ఓబుళమ్మకు వినపడలేదు. ఆమె మాట్లాడుతూనే ఉంది.

భర్త పోయిన తీరు చెప్పింది. ఆటోలో రూతు ఆయనను నిద్రపోనివ్వకుండా పలకరిస్తూనే ఉన్న సంగతి చెప్పింది. ఒక్క వాన పడితే ఇప్పుడు తన కొడుకు అదే చేలోకి దిగుతాడనీ, చెప్పులేసుకోమంటే వినడనీ, రాత్రుళ్ళు తనకు కన్ను మూతపడడం లేదనీ చెప్పింది. డబ్బులేమీ అడగలేదు. ఎవరినీ తిట్టలేదు. మందు పంపించండి, ఈ పాపను ఉండనియ్యండి, ఈ రెండూ ఒకటే మాట, విడదీయొద్దని చెప్పింది. సుంకన్న ఎప్పుడు కూర్చున్నాడో ఎవరూ చూడలేదు, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. రూతు ఏడుస్తోంది. లైన్ తెగిందని చెబుదామని మద్దిలేటి రెండుసార్లు ముందుకు వంగాడు గానీ ఆమె మాటకు అడ్డం వెళ్ళలేకపోయాడు.

చెప్పాల్సిందంతా అయ్యాక ఓబుళమ్మ ఫోన్ కిందపెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఇన్న్యారంటావా సామీ?" అని అడిగింది.

నారప్పయ్యవారు మద్దిలేటి వైపు చూశారు.

అతను చేతుల్లోని బుడ్డలు చేటలో వదిలేశాడు. "లేదమ్మా," అన్నాడు. "నువ్వు చెప్తుండగానే కట్టయిపోయింది. ఏ అంకే నొక్కలేదు కాబట్టి నీకు అభిప్రాయం లేదని లెక్కలో పడుతుంది." ఆమె మొహం చూడలేక గురువు వైపు తిరిగాడు. "అవతల ఎవరూ లేరయ్యా."

"అవతల లేరు, సరే," అన్నారు నారప్పయ్యవారు. "ఇవతల నువ్వుండావు గదా."