అవతలి ఒడ్డున చెప్పని మాట

మోదుగడవికీ తుమ్మడవికీ నడుమ ఒకటే వాగు. వేసవిలో మోకాలి లోతు నీళ్లు. అయినా ఈ ఒడ్డున తప్పుచేసి ఆ ఒడ్డుకు పోయినవాణ్ణి పట్టి తేవాలంటే అక్కడి పెద్ద అయిన దుమ్ములగొండి ఒప్పుకోవాలి. అది ఎన్నడూ ఒప్పుకోలేదు.

అడవికోడి పిల్లలు రెండు మాయమయ్యాయి. నక్క మూతికి ఈకలు కనిపించాయి. మోదుగడవికి పెద్ద అయిన ఎలుగుబంటి విచారణ పున్నమికి పెట్టి, అంతదాకా నక్కను రాతిగుహలో మూసి ఉంచమంది.

"నేరం తేలకముందే చెరా? ఇదేం న్యాయం పెద్దయ్యా?" అంది నక్క.

ఎలుగు తల గోక్కుంది. "మాట నిజమే. మరి నువ్వు వాగు దాటేస్తే?"

"మెడపట్టి ఈడ్చుకురండి. అవతలి పెద్దను అడ్డం రమ్మని అడిగే హక్కు నాకొద్దు. అందరి ముందూ ఇప్పుడే వదులుకుంటున్నా. దున్న మామ జామీను ఉంటాడు."

దున్నకు కాదనడం చేతకాదు. షరతు మాత్రం గట్టిది. నక్క పారిపోతే, అది దొరికేదాకా గుహలో మగ్గేది దున్నే.

"ఒప్పుకోకు మామా!" కోడి రెక్కలు కొట్టుకుంది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! నాకు మిగిలింది ఒక్క పిల్ల. దాన్నీ మింగి పోతుంది."

"చెత్త గీరుకునేదానికి న్యాయమెందుకే?" నక్క కసిరింది.

దున్న చాలాసేపు నెమరేసింది. "ఉంటాలే అల్లుడూ. చిక్కుకునేది నేను కదా, ఒక్క కోరిక. ఆ వదులుకున్న మాటేదో అవతలి పెద్ద చెవిన కూడా వెయ్యి."

నక్క తోక కిందికి జారింది. "ఆయనెవరో నాకు తెలియదే మామా!"

"ఇప్పుడు తెలుస్తాడు, పద," అంది ఎలుగు.

వాగు దగ్గర అందరూ పొదల వెనక ఆగారు. నక్క ఒక్కటే ఇసుకలో నిలబడి సన్నగా పిలిచింది.

"గట్టిగా," అంది వెనకనుంచి ఎలుగు.

నక్క మళ్లీ పిలిచింది. తుమ్మల్లోంచి దుమ్ములగొండి బయటికొచ్చింది. నక్క కళ్లతో సైగ చేసింది, తల అడ్డంగా ఊపింది. దుమ్ములగొండి చూడనే లేదు.

"ఇంత ఆలస్యమా బావా! నీకు గుహ ఊడ్పించి ఉంచా. తెస్తానన్న కోడిపిల్ల ఏదీ?"

పొదల్లోంచి కోడి కెవ్వుమంది. నక్క నీళ్లలోకి ఒక్క దూకు దూకింది. కానీ దున్న అప్పటికే వాగుకు అడ్డంగా నిలబడి ఉంది.

"అటు లోతెక్కువ అల్లుడూ, ఇటు రా," అంది.

నక్కను గుహలోకి తోసి ఎలుగు బండ దొర్లించింది. ఆ సాయంత్రం కోడి తన పిల్లను రెక్క కింద పెట్టుకుని కునుకు తీసింది.

నీతి: హామీ ఇచ్చిన ఒడ్డున కాదు, పారిపోయే ఒడ్డున చెల్లితేనే అది హామీ.