కేకల మీద క్రాక్ డౌన్

తెల్లదొరల కాలంలో వేణుగిరి అని ఒక సంస్థానం ఉండేదండీ. దాని రాజుగారు భీమనృపతి. మనిషి మంచివాడే గానీ డాబు జాస్తి. కొత్త మాట చెవిన పడితే చాలు, వాడేదాకా నిద్రపట్టదు.

ఒకరోజు విందుకొచ్చిన దొర, "మా జిల్లాలో దొంగసారా మీద క్రాక్ డౌన్ చేశాం" అన్నాడు.

"అంటే?"

"ఇన్నాళ్లూ చూసీచూడనట్టు వదిలేసిన తప్పుని, ఇక ఊరుకునేది లేదని గట్టిగా అణిచెయ్యడం."

రాజుగారికి ఆ 'గట్టిగా' ఒక్కటే వినపడింది. తప్పు సంగతి గాలికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, కోటగోడ పక్కన పెరుగమ్మే నూకాలమ్మ "పెరుగోయ్ పెరుగూ" అని కేకేసింది. అంతే!

"కేకల మీద క్రాక్ డౌన్! కోట దగ్గర నోరెత్తినవాళ్లని లోపలెయ్యండి!"

పాపం, నూకాలమ్మని ఖైదు కొట్లో పెట్టేశారు. అరవకపోతే ఆవిడ పెరుగు ఎవరు కొంటారండీ? మొగుడు అప్పన్న లబోదిబోమంటూ ఆస్థాన విదూషకుడు కొండుభట్టు దగ్గరికి పరిగెత్తాడు.

"బాబయ్యా, పిల్లలు పస్తులుంటారు, మీరే దిక్కు!"

"ఏడవకురా. రేపు దర్బారు కానీ."

కొండుభట్టు తిన్నగా రాజుగారి దగ్గరికెళ్లాడు. "ప్రభూ, ఈ క్రాక్ డౌన్ నాకొదిలెయ్యండి. ఎవరి మొహమూ చూడకుండా చేస్తా."

"భేష్!" అన్నారు రాజుగారు.

ఆ సంస్థానంలో ఒక ఆచారం. వందిమాగధులు బిరుదులన్నీ గొంతెత్తి చదివితేనే రాజుగారు దర్బారు గడప దాటాలి. మర్నాడు ఆయన ఠీవిగా వచ్చి, కాలెత్తి నిలబడ్డారు. చప్పుడు లేదు. సభంతా చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఏరయ్యా మావాళ్లు?"

"కొట్లో ఉన్నారు ప్రభూ, నూకాలమ్మ పక్కన. పొద్దున్నే కోటలో గొంతులు సవరించుకుంటుంటే పట్టేశాను."

"ఓరి నీ తెలివి! వాళ్లు అరిచేది నా బిరుదులయ్యా!"

"ఆవిడ అరిచేది ఆవిడ పెరుగు ప్రభూ. ఆ కేక లేకపోతే మీరు గడప దాటలేరు, ఈ కేక లేకపోతే ఆవిడ పొయ్యి వెలగదు. ఇందులో తప్పేదో సెలవివ్వండి, దానిమీదే క్రాక్ డౌన్ చేస్తాను."

ఒంటికాలి మీదున్న రాజుగారు నవ్వాపుకోలేక తూలి, గడప దాటి లోపల పడ్డారు.

"వదిలెయ్యండ్రా అందరినీ!" అని కోట దద్దరిల్లేలా కేకేశారు.

భటుడు బెదురుతూ వంగి, "భట్టుగారూ, ఈయన్ని కూడా పట్టుకోమంటారా?" అన్నాడు.

సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజుగారే. చేతి కంకణం తీసి కొండుభట్టుకి తొడిగి, నూకాలమ్మ పెరుగంతా కొనిపించి, ఆ పూట దర్బారు మొత్తానికీ పెరుగన్నం పెట్టించారు.