ఇసుకతిన్నె మీద గళ్ళ లుంగీ

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక గేటు. ఆ గేటుకి ఒక టిక్కెట్ల కిటికీ. ఎందుకర్రా ఆ నవ్వు? అడవికి గేటేమిటనా? ఉండకేం! అడవి అంచున పెద్ద రిజర్వాయరు ఉంది. ఒడ్డంతా నేరేడు చెట్లు. అంత చల్లటి చోటుంటే మనుషులు ఊరుకుంటారా? గేటు పెట్టి, బోర్డు రాసి, దానికి పార్కు అని పేరు పెట్టేశారు.

అక్కడికి రెండు రకాల మనుషులు వచ్చేవారు. పొద్దున్నే పులిహోర క్యారేజీలతో వచ్చి, సాయంత్రం గార్డు ఈల వేయగానే పరిగెత్తేవాళ్ళు ఒక రకం. గుడారాలు వేసుకుని, దోమల్ని తిట్టుకుంటూ రెండేసి రోజులు ఉండిపోయేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళందరిదీ ఈ ఒడ్డు. మధ్యలో సన్నటి నీటిపాయ. అది దాటితే అవతలి ఒడ్డు. అక్కడ 'ప్రవేశం లేదు' అని బోర్డుంది. జంతువులకు చదువు రాదు గనక అవి హాయిగా అక్కడే కాపురముండేవి.

ఆ అవతలి ఒడ్డున జంబయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. మంచివాడే. కాకపోతే తనంత తెలివైనవాడు అడవిలో ఇంకోడు లేడని ఆయనకో చిన్న నమ్మకం. ఆ నమ్మకం ఆయన పెళ్ళాం నూకాలుకి లేదు. అందుకే ఆ సంసారం సవ్యంగా నడిచేది.

ఒక ఆదివారం జంబయ్య పొదలో కూర్చుని మనుషుల ఒడ్డుకేసి చూస్తున్నాడు. అక్కడ ఒక నేరేడు చెట్టు కింద మంచి నీడ ఉంది. నీడలో ఎవరూ లేరు. ఒక నీలం కర్చీఫు మాత్రం పరిచి ఉంది. అంతలో ఒక మీసాలాయన వచ్చాడు. ఆయన వెనక ఎనిమిది మంది చుట్టాలు, మూడు క్యారేజీలు, ఒక చాప. ఆయన నీడలోకి రాబోయి, కర్చీఫు చూసి టక్కున ఆగిపోయాడు.

"అయ్యో, ఎవరో కర్చీఫు వేసేశారే!" అన్నాడు నీరసంగా. చుట్టాలందరినీ తీసుకుపోయి ఎండలో చాప వేసుకున్నాడు.

జంబయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"ఓరి దీని దుంప తెగ! నేను గుర్రుమన్నా ఆ అడవిపంది దాలయ్య అంగుళం జరగడు. ఈ జానెడు గుడ్డ అంతటి మీసాన్ని ఎండలోకి తోలేసిందే!" అనుకున్నాడు.

మీరేం నవ్వకండి. కిటికీలోంచి బస్సు సీటు మీదకి తువ్వాలు విసిరి, ఆ కంగారులో పక్క బస్సెక్కి కూర్చున్న మహానుభావుడు ఒకాయన నాకు తెలుసు. ఆ తువ్వాలు మళ్ళీ దొరకలేదు. ఆయనెవరో మీ అమ్మనడగండి, సంతోషంగా చెబుతుంది.

సాయంత్రం ఈల మోగింది. హడావుడిగా సర్దుకునేటప్పుడు మనుషులు ఏదో ఒకటి మరిచిపోతారు కదా. జంబయ్య పాయ ఈదుకుంటూ వెళ్ళి వెతికాడు. మూడు దొరికాయి. ఆ నీలం కర్చీఫు, ఒక గులాబీరంగు తువ్వాలు, ఒక గళ్ళ లుంగీ. మూడూ నోట కరుచుకుని, తల నీళ్ళ పైకెత్తి, ఆడపడుచుకి సారె తెస్తున్నవాడిలా దర్జాగా తిరిగొచ్చాడు.

ముందుగా నీలం కర్చీఫు తీసి తమ ఒడ్డున ఉన్న నేరేడు చెట్టు కింద పరిచాడు.

"ఈ నీడ నాది" అన్నాడు.

తర్వాత గులాబీ తువ్వాలు తీసుకుని నీళ్ళ పక్కనున్న బల్లపరుపు బండ ఎక్కాడు.

"నీడలో చలేస్తే? ఈ బండ కూడా నాది" అన్నాడు.

ఇక లుంగీ మిగిలింది. రెల్లుపొదల వెనక చిన్న ఇసుకతిన్నె ఉంది. దాని మీద లుంగీ బారుగా పరిచి, గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. ఇసుకతో ఎలుగుబంటికేం పని? ఏమీ లేదు. ఎండకు కాళ్ళు కాలతాయి, బొచ్చులోకి ఇసుక దూరుతుంది. మరెందుకు పరిచాడు? లుంగీ మిగిలింది గనక.

మర్నాడు పొద్దున్నే దుప్పి గౌరమ్మ బిడ్డతో నేరేడు నీడకి వచ్చింది. నాలుగడుగుల దూరంలో గాలి పీల్చి, చెవులు రిక్కించి, బిడ్డని తోసుకుంటూ పారిపోయింది. దాలయ్య బండ దాకా వచ్చి, ముట్టె ఎగరేసి, తోక ముడిచి వెళ్ళిపోయాడు. జంబయ్య గుట్ట మీది తన గుహలోంచి ఇదంతా చూసి మురిసిపోయాడు.

"చూశావుటే నూకాలూ! నేనక్కడ లేకపోయినా నేనంటే ఎంత గౌరవమో!"

"గౌరవం కాదయ్యా, చెమట కంపు!" అంది నూకాలు. "ఆ గుడ్డలకి మనుషుల వాసన. ఇటు మనుషులొచ్చి పడ్డారని పాపం హడలిపోతున్నాయి. తీసెయ్యి."

"నీకు కుళ్ళు" అన్నాడు జంబయ్య.

అయితే ఆ దొర సుఖపడ్డాడా అంటే అదీ లేదు. నీడలో కూర్చుంటే బండ మీదకి ఎవరెక్కారో అని బెంగ. బండెక్కితే నీడలోకి ఎవరొచ్చారో అని బెంగ. పరుగెత్తుకెళ్ళి చూసేవాడు. ఎవరూ ఉండేవారు కాదు. మళ్ళీ పరుగు. అలా మూడు రోజులు. నడుము వాల్చింది లేదు. బండకి పిర్రలు కాలి, సరిగ్గా కూర్చోవడం కూడా కుదిరేది కాదు. ఈ తిరుగుళ్ళలో ఇసుకతిన్నె సంగతే మరిచిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్న నీళ్ళు తాగడానికి వంగితే, ఎదురుగా ఒక ముసలి తల కనబడింది. తాబేలు కూర్మమ్మ.

కూర్మమ్మంటే జంబయ్యకి ప్రాణం. పిల్లప్పుడు ఒకసారి ఇదే పాయలో పడి మునిగిపోతుంటే, ఆవిడే వీపు మీద మోసుకొచ్చి ఒడ్డున దింపింది. అప్పటి నుంచీ ఆవిణ్ణి అత్తా అని పిలిచేవాడు. ఏటా ఎండలు ముదిరే వేళకి ఆవిడ నీళ్ళలోంచి పైకెక్కి, ఇసుకలో గుంట తీసి గుడ్లు పెట్టి వెళ్ళేది.

"ఏమత్తా, ఇంకా పైకెక్కలేదా? ఎందుకలా కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు?"

"ఎక్కడికి ఎక్కనురా నాయనా! ఇసుక మీద మనుషులు దిగారు. వాళ్ళ బట్ట పరిచి ఉంది. మొన్నొచ్చి చూశాను. నిన్నొచ్చి చూశాను. ఆ వాసనకి భయపడి తిరిగిపోయాను. ఈ ఒడ్డున ఇసుకంటే అదొక్కటే. తక్కినదంతా బురదా బండానూ. ఈవేళ సాయంత్రం దాటితే ఆపుకోలేను. గుడ్లు నీళ్ళలో జారిపోతాయి. నీళ్ళలో పడ్డ గుడ్డు ఇక పిల్లవదు."

జంబయ్యకి ఒళ్ళు మండిపోయింది.

"ఎవడత్తా వాడు! నీ ఇసుక మీద గుడ్డ పరిచేంత పొగరు ఎవడికుంది? వాడి సంగతి నేను తేలుస్తానుండు!"

మీకు నవ్వొస్తోంది కదూ? నవ్వండి, నవ్వండి. ఆయనకి మాత్రం నిజంగానే గుర్తు లేదు.

జంబయ్య బండెక్కి గట్టిగా అరిచి అడవినంతా పిలిచాడు. దాలయ్య వచ్చాడు. గౌరమ్మ వచ్చింది. కుందేళ్ళు, నెమళ్ళు, అందరూ వచ్చి కింద దూరంగా నిలబడ్డారు. నూకాలు ఒక్కతే బండెక్కి మొగుడి పక్కన నిలబడింది.

"వినండర్రా! తనకి పనికిరాని చోట ఊరికే గుడ్డ పరిచేవాడు ఎలాంటివాడు? వాడికి సిగ్గుందా? శరముందా?" అని మొదలెట్టాడు జంబయ్య. అలా అంటున్నప్పుడు ఆయన కాళ్ళ కిందే గులాబీ తువ్వాలు ఉంది. కిందనున్నవాళ్ళకి అది కనబడదు. నూకాలుకి కనబడింది.

"ఏమయ్యా, ముందెళ్ళి ఆ బట్ట తీసెయ్యరాదా? పాపం ఆవిడ నొప్పులు పడుతోంది" అంది మెల్లగా.

"ఉండవే, ముందు శిక్ష తేలాలి! ఆ బట్ట పరిచినవాడు మనిషైనా సరే, మృగమైనా సరే, అందరి ముందూ వాడి చేత గుంజీళ్ళు తీయిస్తాను. కూర్మమ్మత్త ఎన్ని గుడ్లు పెడితే అన్ని గుంజీళ్ళు! ఇదే నా మాట!"

"శభాష్ జంబయ్యా!" అన్నాడు దాలయ్య. అందరూ కేకలు వేశారు.

జంబయ్య ఛాతీ విరుచుకుని ముందు నడిచాడు. అడవంతా వెనక నడిచింది. రెల్లుపొదలు పక్కకి తోసి ఇసుకతిన్నె చూశాడు. గళ్ళ లుంగీ. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు.

"హమ్మ! రాళ్ళు కూడా పెట్టాడు దొంగ..." అంటూ ఆగిపోయాడు. ఆ రాళ్ళు ఎక్కడో చూసినట్టుంది. లుంగీ కూడా ఎక్కడో చూసినట్టుంది. నోట్లో ఆ గళ్ళ గుడ్డ రుచి కూడా గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగి చూశాడు. అందరూ ఆయనకేసే చూస్తున్నారు. నూకాలుకి తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. నీళ్ళ అంచున కూర్మమ్మ మెడ చాచి ఆశగా చూస్తోంది.

'మనుషులే పరిచారనుకుంటున్నారు కదా, అనుకోనీ' అనుకున్నాడు. ఒక్క ఊపులో లుంగీ లాగి అవతల పారేశాడు.

"మనుషుల బట్టనే లాగేశాడు! ఎంత ధైర్యం!" అంది గౌరమ్మ. నెమళ్ళు పురి విప్పాయి. జంబయ్య పళ్ళికిలించాడు.

కానీ కూర్మమ్మ పైకెక్కలేదు.

"ఎందుకత్తా ఆగిపోయావు? బట్ట తీసేశానుగా!"

"నీ మేలు మరవను నాయనా. కానీ వాళ్ళు ఈ చోటు గుర్తు పెట్టుకునే బట్ట పరిచారు. రేపు మళ్ళీ వస్తారు. గుడారం వేస్తామని గుంటలు తవ్వుతారు. పెట్టి పెట్టి నా పిల్లల్ని వాళ్ళ పలుగు కింద పెట్టనా? పోనీలే. ఈ ఏటికి నాకు రాసిపెట్టి లేదు."

ఆవిడ మెల్లగా నీళ్ళలోకి తిరిగింది. ఆ ముసలి వీపు జంబయ్యకి కనబడింది. చిన్నప్పుడు తనని మోసిన వీపు.

ఒక్క మాట. ఒకే ఒక్క మాట చెప్తే ఆవిడ ఆగుతుంది. చెప్తే పరువంతా నీళ్ళపాలవుతుంది. చెప్పకపోతే ఆవిడ పిల్లలు నీళ్ళపాలవుతారు.

"అత్తా, ఆగు! మనుషులెవరూ రారు. వాళ్ళు అసలు రానే లేదు. ఆ లుంగీ పరిచింది... నేనే."

అందరూ నోళ్ళు తెరిచారు.

"నువ్వా? ఇసుకతో నీకేం పనిరా?" అంది కూర్మమ్మ.

"ఏం పనీ లేదత్తా. మిగిలిందని పరిచాను. పరిచి మరిచిపోయాను. ఇందాక అరిచి అరిచి నన్ను నేనే తిట్టుకున్నాను. సిగ్గు లేదన్నాను, శరం లేదన్నాను. అన్నీ సరిగ్గానే చెప్పాను!"

ముందు నూకాలు నవ్వింది. తర్వాత దాలయ్య నవ్వాడు. ఆ తర్వాత అడవంతా పడీపడీ నవ్వింది. జంబయ్యకి ఏడుపొచ్చింది. కాసేపటికి ఆయనకీ నవ్వొచ్చింది. ఏం చేస్తాడు మరి?

"నిజంగా మనుషులు రారు కదా?" అంది కూర్మమ్మ.

"నీ వీపు మీద ఒట్టు."

ఆవిడ ఇక ఒక్క క్షణం ఆగలేదు. నీళ్ళోడుతూ బరబరా పైకెక్కి, రెల్లుపొదల వెనక్కి వెళ్ళి ఇసుక తవ్వడం మొదలెట్టింది.

"మరి గుంజీళ్ళో?" అన్నాడు దాలయ్య.

ఇచ్చిన మాట! తప్పుతుందా? జంబయ్య పొదకి ఇవతల నిలబడి, ముందు కాళ్ళతో చెవులు పట్టుకున్నాడు. పొదకి అవతల నుంచి కూర్మమ్మ "ఒకటి" అంది. జంబయ్య ఒక గుంజీ తీశాడు. "రెండు" అంది. ఇంకోటి తీశాడు. ఎలుగుబంటి గుంజీళ్ళు తీయడం మీరెప్పుడైనా చూశారా? కిందకి బాగానే వెళ్తుంది. పైకి రావడమే కష్టం. ఎనిమిదికి మోకాళ్ళు కీచుమన్నాయి. పన్నెండుకి నాలుక బయటికొచ్చింది.

"అత్తా, ఇంకా ఎన్ని?"

"నవ్వించకురా! నవ్వితే గురి తప్పి గుంట బయట పడతాయి. పదమూడు!"

మొత్తం ఇరవై మూడు. చివరిదానికి జంబయ్య లేవలేక కిందే కూలబడిపోయాడు.

"ఇరవై మూడేనా అత్తా? ఇంకేమైనా ఉన్నాయేమో చూడు. పరవాలేదు, తీస్తాను" అన్నాడు. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ సాయంత్రం మూడు గుడ్డలూ మళ్ళీ మనుషుల ఒడ్డుకి చేరాయి. జంబయ్య కుంటుకుంటూ ఈది, గేటు దగ్గర కమ్మీల మీద ఆరేసి వచ్చాడు. నేరేడు నీడలోకి గౌరమ్మ బిడ్డ వచ్చి పడుకుంది. బండ మీదకి దాలయ్య ఎక్కాడు. జంబయ్య గుహలో బోర్లా పడుకుని, నూకాలు చేత నడుము తొక్కించుకుంటూ, మూడు రోజుల నిద్ర ఒకేసారి పోయాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న ఇసుక కదిలింది. బటానీ గింజంత తలలు బయటికొచ్చాయి. జంబయ్య అప్పటికే రోజూ ఆ తిన్నె ముందు కాపలా పడుకుంటున్నాడు. పిల్లలు వరసగా నీళ్ళకేసి బయల్దేరాయి. అందరికంటే ముందున్నది వచ్చి ఆయన పొట్టకి ఢీకొట్టి ఆగింది. తలెత్తి చూసింది. దారిలో ఇంత పెద్ద కొండ ఎవరు పెట్టారా అని దాని అనుమానం.

జంబయ్య ఉలిక్కిపడి లేచాడు.

"జరుగుతున్నా తల్లీ, జరుగుతున్నా! ఇది మీ చోటే" అన్నాడు.

నీతి: మనకి అక్కర్లేని చోటు మనం పట్టుకుంటే, అక్కరున్నవాళ్ళకి నిలబడే చోటు లేకుండా పోతుంది. ఆ తప్పు మనదేనని తెలిసిన క్షణమే ఒప్పేసుకోవాలి. పోయేది కాస్త పరువే, నాలుగు గుంజీళ్ళతో తీరిపోతుంది.