ఇంకా రాని మాస్టారు

దాలయ్య మాస్టారిని ఎవరు ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పేవారు కాదు. "తొక్కుతూ చూద్దాం" అనేవారు. రోజుకి ఎంత దూరం పోవచ్చు అని అడిగినా అదే మాట, మోకాళ్ళు ఎందుకు నొప్పెడతాయి అని అడిగినా అదే మాట. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ముప్పై ఏళ్ళు జనపనార మిల్లులో ఫిట్టరుగా చేశారు. సెలవు దొరికినప్పుడల్లా సైకిలు వెనక రెండు సంచులు కట్టుకుని ఏ ఊరో తెలియని ఊరికి పోయి వచ్చేవారు. అలా పోవడం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ మాస్టారని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆయన శిష్యుల్లో సూరిబాబు అని ఒకడు ఉండేవాడు. విశాఖలో కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ముప్పై రెండేళ్ళవాడు, గట్టి పిక్కలవాడు. మాస్టారి దగ్గర చేరిన ప్రతివాడికీ ఒక పెద్ద యాత్ర ఉండేది. మంత్రాలయంలో తుంగభద్ర నీళ్ళలో వెనక చక్రం తడిపి బయలుదేరాలి. విశాఖ సముద్రంలో ముందు చక్రం తడిపి ఆగాలి. మధ్యలో ఉన్న ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లూ సొంత కాళ్ళతోనే రావాలి. సూరిబాబు రెండుసార్లు బయలుదేరాడు. ఒకసారి నంద్యాలలో జ్వరం తగిలి రైలెక్కాడు. ఇంకోసారి ఏలూరు దగ్గర మోకాలు వాచి బస్సెక్కాడు. ఆఫీసులో అతనికి 'సగం సూరిబాబు' అని పేరు పెట్టారు. టీ తాగుతూ కూడా "సగం కప్పు చాలా, మొత్తం కావాలా?" అని అడిగేవాళ్ళు. అతను నవ్వేవాడు గాని, ఆ పేరు అతని ఒంట్లో ముల్లులా విరిగి ఉండిపోయింది.

మూడోసారి మాస్టారు తానే వెంట వస్తానన్నారు. అప్పటికాయనకి అరవై ఎనిమిది. తుంగభద్ర ఒడ్డున వెనక చక్రాలు తడిపిన తరవాత సూరిబాబు తన మనసులో నలుగుతున్న మాట అడిగాడు.

"మాస్టారూ, దారిలో తప్పనిసరై ఏదైనా బండి ఎక్కవలసి వచ్చిందనుకోండి. యాత్ర చెడినట్టేనా?"

మాస్టారు బొటనవేలితో టైరు నొక్కి చూసుకుంటున్నారు. "తొక్కుతూ చూద్దాం" అన్నారు.

ఆ పన్నెండు రోజుల్లో సూరిబాబు చూసినంత దగ్గరగా ఆయన్ని ఇంకెవరూ చూసి ఉండరు. ఆయన తెల్లవారుజామునే లేచి, బడి వరండాలో పరుచుకున్న దుప్పటి మడిచి, పడుకున్న చోటు ఊడ్చి మరీ బయలుదేరేవారు. దాహం వేయకముందే గుక్కెడు నీళ్ళు తాగేవారు. నల్లమల ఘాటులో సూరిబాబు పళ్ళు బిగించి, వంకరటింకరగా, ఒక్కచోట కూడా దిగకుండా ఎక్కాడు. మాస్టారు నిటారుగా ఉన్నచోట దిగి, సైకిలు తోసుకుంటూ, చెట్ల మీది పిట్టలను చూసుకుంటూ వచ్చారు. పైన ఎదురుచూస్తున్న సూరిబాబు, "దిగిపోయారేమండీ?" అన్నాడు. "రోడ్డు నన్ను చూసి నవ్వలేదులే" అన్నారాయన.

నరసరావుపేట దగ్గర టీకొట్టువాడు ఆయన్ని పట్టుకున్నాడు. "ఎక్కడినుంచి తాతా?"

"మంత్రాలయం."

"ఏం మొక్కు?"

"మొక్కేం లేదు."

"మరి బస్సుల్లేవా?"

"ఉన్నాయి. పాపం, వాటి దారిన అవి పోతున్నాయి."

పన్నెండో రోజు ఇద్దరూ తునిలో చీకటి ఉండగానే బయలుదేరి, ఎండ ఎక్కేసరికి ఎలమంచిలి దాటారు. ఇక యాభై ఎనిమిది కిలోమీటర్లే ఉంది. సాయంత్రం నాలుగింటికి సముద్రం ఒడ్డున ఉంటానని సూరిబాబు ఆఫీసువాళ్ళకి అప్పటికే ఫోన్ చేసి చెప్పాడు. వాళ్ళు దండ తెస్తామన్నారు.

అక్కడ, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒక ముసలామె కొట్టు ముందు, వాళ్ళ కళ్ళెదుటే ఒక మనిషి పడిపోయాడు. మోపెడ్ మీద బెల్లం దిమ్మలు కట్టుకుని పోతున్నాడు. కంకరలో చక్రం జారింది. బండి అతని మీద పడింది. తొడ చీరుకుపోయి నెత్తురు ఆగడం లేదు. మాస్టారు సైకిలు వదిలేసి పరుగెత్తారు. తువ్వాలు మడత పెట్టి గాయం మీద అదిమి పట్టుకున్నారు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే వచ్చేసరికి గంట పడుతుందన్నారు. ఈలోగా సామాన్ల ఆటో ఒకటి ఆగింది.

ఆటో అతను దిగి చూసి తల అడ్డంగా ఊపాడు. "నానొక్కణ్ణీ అయితే తీసుకెళ్ళనండి. సెయ్యి తీసేత్తే రగతం ఆగదు. ఎనకాల ఓ మనిసి ఇలాగే అదిమి పట్టుకొని కూకుంటే తోల్తాను."

పొత్తులామె తన వణికే చేతులు చూపించింది. రెండు కార్లు వేగం తగ్గించి, చూసి, పోయాయి.

మాస్టారు సూరిబాబు వంక చూశారు. సూరిబాబు తన ముందు చక్రం వంక చూశాడు. ఒక గుక్క నీళ్ళు మింగినంత సేపు, అంతే. ఆ కాస్తలోనే నంద్యాల రైలు, ఏలూరు బస్సు, సగం కప్పు టీ అన్నీ అతని కళ్ళ ముందు తిరిగాయి.

"నువ్వొచ్చి ఈ తువ్వాలు ఒక్క నిమిషం పట్టుకో" అన్నారు మాస్టారు. ఆ గొంతులో కోపం లేదు. సూరిబాబు పట్టుకున్నాడు. మాస్టారు లేచి ఒక ఇటుకముక్క వెతికి తెచ్చారు. తన సైకిలు పడి ఉన్నచోట తారురోడ్డు అంచున అడ్డంగా గీత గీశారు. పోలీసులకు ఆనవాలు కాబోలు అనుకున్నాడు సూరిబాబు. తరవాత ఆయన సైకిలు లేపి పొత్తులామె కొట్టు వెనక ఆనించి, "అమ్మా, కాస్త చూస్తుండు" అని చెప్పి, గాయపడిన మనిషిని ఆటో అతని సాయంతో బండిలో పడుకోబెట్టారు. తాను అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ తువ్వాలు అదిమి పట్టుకున్నారు.

"నువ్వు తొక్కు" అన్నారు సూరిబాబుతో. ఆటో పోయింది.

సూరిబాబు చేతులు కడుక్కున్నాడు. పొత్తులామె ఒక పొత్తు తిప్పి ఇంకోవైపు కాల్చింది. అతను సైకిలెక్కి ఆ గీత దాటి ముందుకు పోయాడు.

సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. అంత గాలిలోనూ అతనికి చెమటలు పోశాయి. 'ఆయన ఈ యాత్ర ఇదివరకే ఆరుసార్లు చేశారు, నాకిదే మొదటిది' అనుకున్నాడు. 'ఆయనే కదా తొక్కమన్నారు' అనుకున్నాడు. 'నేను వెళ్ళినా ఆయన వెళ్ళినా ఆ మనిషికి ఒకటే కదా' అనుకున్నాడు. మూడు మాటలూ నిజమే. మూడింటినీ అనకాపల్లి దాకా మార్చి మార్చి చెప్పుకున్నా ఒక్కటీ కాళ్ళకి బలమివ్వలేదు. అనకాపల్లి ఆసుపత్రి ముందు ఆగి అడిగితే, కట్టు కట్టి విశాఖ పెద్దాసుపత్రికి పంపేశారని, ముసలాయన కూడా ఆటోలోనే వెళ్ళాడని చెప్పారు. ఫోన్ మోగింది. "సగం వస్తున్నావా, మొత్తం వస్తున్నావా?" అని ఆఫీసువాళ్ళు. "మొత్తం" అన్నాడు. ఆ మాట అతను అనుకున్నంత తియ్యగా లేదు.

నాలుగు దాటాక సముద్రం కనిపించింది. సైకిలు దిగి ఇసుకలో తోసుకుంటూ పోతుంటే, నీళ్ళకి దగ్గరగా ఇద్దరు మనుషులు గొడవ పడుతున్నట్టు కనిపించారు. ఒకరు మాస్టారు. చొక్కా మీద నెత్తురు ఎండి నల్లబడింది. మోకాళ్ళ దగ్గర పంట్లాం అట్టకట్టింది. ఇంకొకరు ఆయన భార్య వరహాలమ్మ. చేతిలో కారియరు. అల వచ్చినప్పుడల్లా మాస్టారు రెండడుగులు వెనక్కి వేస్తున్నారు, నీళ్ళు పాదాలకి తగలకుండా.

"మాస్టారూ! నాకంటే ముందే వచ్చేశారే!" అని అరిచాడు సూరిబాబు.

"అదే నానూ అన్నాను బాబూ" అంది వరహాలమ్మ. "రాలేదంట."

"ఎవరు రాలేదమ్మా?"

"మీ మాస్టారే! ఎదురుగా నిలబడి 'నేనింకా రాలేదు' అంటన్నారు. పన్నెండు రోజుల్నించి దారి కాసి, పులిహోర కలిపి తెస్తే, వచ్చిన మనిసి రాలేదంటే నానేటి సేసేది? ఎవరికి పెట్టేది?"

"నేనింకా ఎలమంచిలి దగ్గరే ఉన్నానే" అన్నారు మాస్టారు నింపాదిగా. "గీత గీసి వచ్చాను. సైకిలు పొత్తులావిడ దగ్గరుంది. రేపు అక్కడ ఎక్కి, రేపు సాయంత్రానికి వస్తాను."

"మరి ఇక్కడున్నదెవరు?"

"ఆసుపత్రికి ఒక మనిషిని దింపడానికి వచ్చినవాడు. ఊరకే అలా గాలికి నడిచొచ్చాడు."

"అయితే ఆ నడిచొచ్చినాయనకి పులిహోర అక్కర్లేదు కదా."

"నేను రాలేదు గాని, ఆకలి వచ్చేసింది. ఇలా తే."

ఆమె తిట్టుకుంటూనే కారియరు విప్పింది. ఆయన పొడి ఇసుకలో కూర్చుని, దగ్గరికి వచ్చే అలను ఒక కంట కనిపెడుతూ తినసాగారు. సూరిబాబు పక్కనే నిలబడిపోయాడు. తుంగభద్ర ఒడ్డున తాను అడిగిన మాట అతనికి అప్పుడు గుర్తుకొచ్చింది.

"అయితే యాత్ర చెడలేదా మాస్టారూ? ఆటో ఎక్కారు కదా?"

"ముందుకు రావడానికైతే తొక్కాలి" అన్నారాయన నములుతూ. "వెనక్కి పోవడానికి ఏ బండయినా ఎక్కొచ్చు. తెగిన చోటికి పోయి మళ్ళీ ఎక్కితే దారి అతుక్కుంటుంది."

"ఆ మనిషి..."

"కాలు నిలుస్తుందన్నారు. వాళ్ళావిడ వచ్చాక ఇటు వచ్చాను. సోములట పేరు. ఆటోలో దారంతా నా చెయ్యి పట్టుకుని బెల్లం గురించే బెంగ పడ్డాడు, చీమలు పట్టేస్తాయని."

సూరిబాబుకి నవ్వు రాలేదు. ఆ మనిషి పేరు తెలుసుకోవాలన్న ఆలోచన కూడా తనకి ఇప్పటిదాకా తట్టలేదు. యాభై ఎనిమిది కిలోమీటర్లు, గతుకుల రోడ్డు మీద, ఆటో ఇనుపరేకు మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్న అరవై ఎనిమిదేళ్ళ మనిషిని అతను తలనుంచి కాళ్ళదాకా చూశాడు. ఆ పంట్లాం కింద మోకాళ్ళు ఎలా ఉండి ఉంటాయో అతనికి తెలుసు. ఆ మోకాళ్ళతోనే ఆయన రేపు ఎదురుగాలిలో రాబోతున్నారు.

రోడ్డు మీద కేకలు వినిపించాయి. ఆఫీసువాళ్ళు ముగ్గురు, చామంతి దండతో, ఇసుకలో పరుగెత్తుకొస్తున్నారు. "మొత్తం సూరిబాబుకీ జై!" అని అరుస్తున్నారు. ఒకడు ఫోన్ పైకెత్తాడు. "ముంచు, ముంచు! ముందు చక్రం ముంచెయ్యి, ఫోటో తీస్తాను!"

అల ఒకటి నురగ తోసుకుంటూ వచ్చింది. సూరిబాబు ముందు చక్రానికి అది బారెడు దూరంలో ఉండగా, అతని చేతులు వాటంతట అవే సైకిలుని వెనక్కి లాగాయి. నీళ్ళు ఖాళీ ఇసుకని తడిపి తిరిగిపోయాయి.

"ఏట్రా, భయమా?" అన్నాడు ఫోన్ పట్టుకున్నవాడు. "రేపు డ్యూటీ ఉంది, తొందరగా కానీ."

సూరిబాబు అతని వంక చూడలేదు. మాస్టారి ముందు గొంతుక్కూర్చున్నాడు. అతనిది ఎండకి కమిలిన మొహం, పన్నెండు రోజుల గడ్డం, కళ్ళు మాత్రం పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడివి.

"మాస్టారూ, నేనెక్కడా దిగలేదు. ఏ బండీ ఎక్కలేదు. ఒక్క గజం కూడా తగ్గలేదు" అన్నాడు. తరవాత మెల్లగా అడిగాడు. "నేను వచ్చినట్టేనా?"

మాస్టారు కారియరు గిన్నెలోని ఆఖరి మెతుకు దాకా తిన్నారు. చెయ్యి కడుక్కోవడానికి అలల దగ్గరికి పోకుండా, సీసాలో నీళ్ళే వంచుకున్నారు. తువ్వాలు కోసం భుజం తడుముకుని, అది ఆసుపత్రిలో ఉండిపోయిందని గుర్తొచ్చి, చేతులు గాలికి విదిలించారు.

"ఎలమంచిలికి తొలి బస్సు ఆరింటికి" అన్నారు. "నా సైకిలు అక్కడే ఉంది గాని, టాపు మీద ఒక సైకిలుకి చోటుంచమని కండక్టరుతో చెప్పే వచ్చాను."