పిందెలు రాల్చిన నారింజతోట

వానలు మొహం చాటేసిన ఏడు అది. మిట్టమధ్యాహ్నం తన నారింజతోటకు వచ్చిన రాజు, ముడుచుకుపోయిన ఆకుల్నీ నేలరాలిన పిందెల్నీ చూసి మండిపడ్డాడు.

"చెట్లు చచ్చిపోతున్నాయి. రేపు ఊరిబావి నీళ్లన్నీ తోడి ఇక్కడ పోయండి!"

ఊరికి మిగిలింది ఆ బావి ఒక్కటే. తోట కాచే ఓబులమ్మ ముందుకొచ్చింది. చేతులు జోడించి, "నీళ్లు తోడే ముందు, రేపు పొద్దు పొడిచేసరికి తమరొక్కసారి ఇక్కడికి రావాలి ప్రభూ," అంది.

మర్నాడు రాజు వచ్చేసరికి ఆకులన్నీ విచ్చుకుని ఉన్నాయి.

"రాత్రి నీళ్లు పెట్టావా?"

"చుక్క కూడా పెట్టలేదు. నేల చూడండి, పొడిపొడిగా ఉంది. చచ్చినవాళ్లు పొద్దున్నే లేవరు కదా ప్రభూ! ఒంట్లో తడి ఎండకు ఆరిపోకుండా చెట్టు ఆకులు ముడుచుకుంటుంది. చల్లబడ్డాక విప్పుకుంటుంది."

"మరి పిందెలో?"

"ఉన్న నీళ్లు చాలవని చెట్టు పిందెల్ని వదులుకుని ప్రాణం నిలుపుకుంది. తమరు ఊరిని వదులుకుని పిందెల్ని నిలుపుకుంటామంటున్నారు."

రాజు బావి వైపు బయల్దేరిన బండ్లను వెనక్కి పిలిపించాడు.

ఆ ఏడు కోటలో ఎవరూ నారింజ రుచి చూడలేదు. ఊళ్లో ఎవరూ దాహంతో చావలేదు.