సరుకుల నడుమ గడ్డి

కోరంగి రేవులో ఇంగ్లీషు ఓడల గిడ్డంగికి గుమాస్తాగా పనిచేసి, ఆ కొలువు వదిలి పూర్ణయ్యస్వామి మఠంలో చేరాడు తాండవకృష్ణ. ఏడాది గడిచినా అతనికి పాఠం మొదలుకాలేదు. వంటవాళ్లకీ నీళ్లు మోసేవాళ్లకీ గొడవ వస్తే సర్దడం, మందుకోసం వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం, ఇవే అతని పనులు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, మిగతావాళ్లంతా ఉపనిషత్తులు చదువుతున్నారు. నేనేమో అందరి మధ్యా పడి నలుగుతున్నాను. ఇందుకేనా నేను వచ్చింది?"

స్వామి ఎదురుగా ఉన్న చెక్కపెట్టె చూపించాడు. గోదావరి పాయ అవతల లంకలో విషజ్వరాలు ప్రబలాయి. మఠంలో కాచిన కషాయం మర్నాటి పడవలో అక్కడి వైద్యుడికి చేరాలి.

"రేవులో పనిచేసినవాడివి. ఈ సీసాలు కాస్త సర్దిపెట్టు నాయనా."

తాండవకృష్ణకి ఉత్సాహం వచ్చింది. సర్దుతూనే తన విద్య చెప్పుకొచ్చాడు.

"దొరలకి ప్రతిదానికీ ఒక పేరుంది స్వామీ. సారా పోసే పెద్ద పీపా హాగ్స్‌హెడ్. వెన్న పెట్టే బుల్లి పీపా ఫర్కిన్. బిగించి కట్టిన బట్టల మూట బేల్."

స్వామి చిన్నపిల్లాడిలా విన్నాడు. పక్కనున్న ఎండుగడ్డి పిడికెడు తీసి చూపించాడు.

"మరి దీన్నేమంటారు?"

"డన్నేజ్ అంటారు. సరుకులు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కుక్కే గడ్డీ గాదమూ."

"ఊరు చేరాక?"

"తీసి పారేస్తారు స్వామీ."

స్వామి తలూపాడు. పెట్టెలో గడ్డి చాల్లేదు. తన భుజం మీది కాషాయ కండువా తీసి, మడిచి, సీసాల మధ్య కుక్కాడు.

"అయ్యో! అది మీ గురువుగారు ఇచ్చింది కదా!"

"మెత్తగా ఉంటుంది," అంటూ స్వామి మూత బిగించాడు.

మర్నాడు పెట్టెతో తాండవకృష్ణ ఎక్కిన పడవ పాయ మధ్యకి వచ్చేసరికి గాలి తిరగబడింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. పెట్టె జారి ఇనుప లంగరు మీదికి పోతోంది. "పట్టుకోండయ్యా!" అని పడవవాడు కేకపెట్టాడు. చుక్కాని వదిలి అతను రాలేడు.

తాండవకృష్ణ ఒక్క గెంతులో వెళ్లి, లంగరుకీ పెట్టెకీ మధ్య తన ఒళ్లు అడ్డం పెట్టాడు. అల లేచినప్పుడల్లా పెట్టె అంచు డొక్కలో పొడుచుకుంటోంది. పళ్లు బిగపట్టాడు గాని, ఒడ్డు తగిలేదాకా కదల్లేదు.

లంకలో వైద్యుడు పెట్టె విప్పాడు. ఒక్క సీసా కూడా పగల్లేదు. తల్లి ఒళ్లో ఉలుకూ పలుకూ లేకుండా జ్వరంతో కాలిపోతున్న ఒక పాపకి ముందుగా కషాయం పోశారు. చేదుకి మొహం ముడుచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విని తాండవకృష్ణకి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజుకి అక్కడే ఆగిపోయాడు.

తిరిగొచ్చాక కండువా ఉతికి ఆరేసి స్వామికి అందించాడు. చెయ్యి చాచినప్పుడు డొక్కలో కమిలిన చోటు స్వామి కంటపడింది. నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చి, తనే కూర్చుని మెల్లగా రాశాడు.

"నొప్పిగా ఉందా నాయనా?"

"పొద్దున్న ఆ పాప గంజి అడిగి తాగింది స్వామీ," అన్నాడు తాండవకృష్ణ.