సింగన్న కత్తెరకాలు, తాటత్త మొవ్వు

అనగనగా సముద్రం మధ్యలో ఒక చిన్న దీవి, ఆ దీవి నిండా అడవి ఉండేదర్రా. అందులో ఒక తాటిచెట్టు. మన పొలంగట్ల మీద ఉండే తాడి కాదు, ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా మొలవని రకం. తోటిచెట్లన్నీ గాలివానలకి పడిపోయి అదొక్కటే మిగిలింది. దాని మొదట్లో బొరియ చేసుకుని సింగన్న అనే పీత పిల్లల్తో కాపురం ఉండేవాడు. చెట్టుని "అత్తా" అని పిలిచేవాడు.

ఓసారి పెద్ద తుఫానొచ్చి తిండంతా కొట్టుకుపోయింది.

"అత్తా, పిల్లలు పస్తులే" అన్నాడు సింగన్న.

"అయ్యో, నా కాయలున్నాయి కదరా, తీసుకో" అంది చెట్టు.

అవీ అయిపోయాయి. "ఎండకి బొరియ కాలిపోతోందత్తా" అని మళ్ళీ వచ్చాడు.

"ఇదిగో, ఆకు రాలుస్తున్నా. కప్పుకోండి."

మూడోసారి, పిల్లలు మళ్ళీ ఆకలని ఏడుస్తుంటే, ఏకంగా చెట్టెక్కేశాడు. నడినెత్తిన తెల్లగా, లేతగా మొవ్వు. వాసనకే నోరూరిపోయింది.

"అది మాత్రం వద్దురా నాయనా! నాకున్నది ఆ ఒక్క మొవ్వే. కొత్త ఆకు రావాలన్నా దాంట్లోంచే. రేపు సముద్రం వెనక్కి తగ్గుతుంది, నాచు దొరుకుతుంది. ఈ ఒక్క పూట ఓర్చుకో."

సింగన్న నవ్వేశాడు. "భలేదానివత్తా! పోయినేడు నా కత్తెరకాలు ఊడిపోలేదూ? మళ్ళీ మొలిచింది, ఇదిగో! నీకూ మొలుస్తుందిలే."

"ఒరేయ్, అది నీ కాలు కాదురా!" ఆకుల మధ్య గూడు కట్టుకున్న గోరింక ఒకటి అరిచింది.

"నోర్ముయ్యవే! నీకెప్పుడైనా కాలు ఊడిందా, పెద్ద చెప్పొచ్చావు!"

కటుక్కున తుంచేశాడు. ఆ పూట పిల్లలు కడుపునిండా తిన్నారు.

పాపం, సింగన్న చెడ్డోడేం కాదర్రా. రోజూ పొద్దున్నే ఎక్కి చూసుకునేవాడు. "ఇంకా మొలవలేదేంటత్తా?"

ఒక్కొక్క ఆకే వేలాడిపోయింది. నీడ పోయింది. గోరింక గూడు వదిలి వెళ్ళిపోయింది.

"నాకు మొలవదురా" అంది చెట్టు, మెల్లిగా. "పోనీలే, పిల్లలు తిన్నారుగా."

ఆ తరవాత ఇంక మాట్లాడలేదు.

సింగన్న చెట్టు మొదలు పట్టుకుని ఏడ్చాడు. బొరియలో చిన్నకూతురు ఆడుకుంటున్న కాయ ఒకటి మిగిలుంటే, తెచ్చి అక్కడే పాతిపెట్టాడు. వానలకి మొలకొచ్చింది.

"నాన్నా, లేతగా ఉంది!" అని పిల్లలు ఉరికొచ్చారు.

సింగన్న కత్తెరకాళ్ళు రెండూ చాపి అడ్డం నిలబడ్డాడు. "కొరికితే ఇవి కొరకండి. నాకు మళ్ళీ మొలుస్తాయి. దానికి మొలవదు."

నీతి: మనం తట్టుకున్న దెబ్బ ఎదుటివాళ్ళూ తట్టుకుంటారని అనుకోకూడదు. "వద్దు" అని వాళ్ళు చెప్పినప్పుడే నమ్మాలి.